నాలుగో బల్ల సిఫారసు

ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి నాకు పాతికేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నేను సంతకం పెట్టిన సిఫారసు ఉత్తరాలు లెక్కలేనన్ని. నేను స్వయంగా రాసింది మాత్రం ఒక్కటే. మిగతావన్నీ ఎవరి ఉత్తరం వాళ్ళే రాసుకున్నారు.

ఇందులో వింతేమీ లేదు. నాకు తెలిసిన కాలేజీలన్నిటిలో పద్ధతి ఇదే. పిల్లవాడో పిల్లో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, రికమండేషన్ లెటర్ కావాలండీ" అంటారు. మేము పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండానే, "రాసుకుని తీసుకురా, చూసి పెడతాను" అంటాం. చూడటం అనేది మర్యాద కోసం వాడే మాట. పెట్టడం మాత్రం తప్పకుండా పెడతాం. ఆ విధంగా నేను ఒకే ఏడాదిలో నలుగురిని "నా ఉద్యోగ జీవితంలో చూసిన అత్యుత్తమ విద్యార్థి" అని ధ్రువీకరించాను. హాజరు పిలిస్తే పలకడానికి కూడా సిగ్గుపడి స్తంభం వెనక కూర్చునే ఒక కుర్రాడిలో నాయకత్వ లక్షణాలు ఉట్టిపడుతున్నాయని నా సంతకంతో లోకానికి తెలియజేశాను. ఆ కుర్రాడికి సీటు వచ్చింది కూడా. ఇప్పుడు ఎక్కడ, ఎవరికి నాయకత్వం వహిస్తున్నాడో తెలియదు.

మా కాలేజీ గాజువాకలో. కింద బేకరీ, సెల్‌ఫోన్ల కొట్టు, పైన మేము. అన్నిటికంటే పై అంతస్తులో ల్యాబు. గాలి పోర్టు వైపు నుంచి తిరిగిందంటే ల్యాబు కిటికీల మీద నల్లటి బొగ్గు పొడి పేరుకుంటుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు. ఒక్కో సెక్షన్‌కు ఎనభై మంది పిల్లలు. నాకు వాళ్ళు ముఖాలుగా కాదు, రోల్ నంబర్లుగా గుర్తుంటారు. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. నిజం చెబుతున్నానంతే.

నిరుడు చలికాలం మొదట్లో ఒక సెకండియర్ అమ్మాయి అలాగే గుమ్మం దగ్గర నిలబడింది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునే పిల్ల. ఏడాదిన్నరగా నా క్లాసులో ఉండి ఒక్క సందేహమైనా అడగలేదు. ఎక్కడో ఉత్తరాదిన ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడుతోందట. అక్కడ సైన్సు తప్ప మరొకటి చెప్పరు. సీట్లు చాలా తక్కువ. మార్కులు చూస్తారు గానీ మార్కులతో ఆగరు. పిల్లలు తమ గురించి రాయాలి, పాఠం చెప్పిన వాళ్ళొకరు పిల్లల గురించి రాయాలి, ఆ రెండూ నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. సీటు వస్తే చదువు, తిండి, హాస్టలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

"రాకపోతే?" అన్నాను.

"మధురవాడలో ఇంజినీరింగండీ. కంప్యూటర్స్. నాన్న ఒక్కసారికే ఒప్పుకున్నాడు మేడమ్. రాకపోతే మరి ఫిజిక్స్ మాట ఎత్తకూడదన్నాడు."

ఆ పిల్ల అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. అయినా నా నోట్లోంచి వచ్చింది అలవాటైన మాటే. రాసుకుని తీసుకురా, చూసి పెడతాను.

మూడు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. చేతిలో తెల్ల కాగితం. నిజంగానే తెల్ల కాగితం, మీద ఒక్క అక్షరం లేదు.

"ఏమ్మా, రాయలేదా?"

"రాద్దామనే కూర్చున్నానండీ. మీరు రాసినట్టు రాయాలి కదా మేడమ్. నా గురించి మీకేటి తెలుసో నాకు తెలీదండి."

అందులో వెటకారం ఉందేమోనని ముఖంలోకి చూశాను. ఉంటే బాగుండేది, తిట్టి పంపేదాన్ని. లేదు. నిజంగానే ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. అలాంటప్పుడు నాకు కోపం తప్ప ఇంకేమీ రాదు. "సరే, ఆ కాగితం అక్కడ పెట్టి వెళ్ళు. నేనే రాస్తాను" అన్నాను, యుద్ధానికి వెళ్తున్నంత గట్టిగా.

ఆ వారమే విశ్వవిద్యాలయం నుంచి నా మెయిల్‌కు లింకు వచ్చింది. తెరిచాను. ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు అన్నారు. ఏడాదిన్నర అని రాశాను. ఆమె పేరు వినగానే మనసులో మెదిలే మూడు మాటలు అన్నారు. "శ్రద్ధ, క్రమశిక్షణ, వినయం" అని చెయ్యి దానంతట అదే టైపు చేసేసింది. ఆ తర్వాత పెద్ద ఖాళీ గడి. ఈ విద్యార్థి ఎలా ఆలోచిస్తుందో చూపే ఒక్క సంఘటన, మీరు స్వయంగా చూసినది, రాయండి అని ఉంది. కింద చిన్న అక్షరాలతో మరో ముక్క. పొగడ్తల వల్ల అభ్యర్థికి ఉపయోగం ఉండదట. నేను సంతకం పెట్టిన ఉత్తరాలు వాళ్ళకు ఇంతకు ముందే చేరి ఉంటాయని అర్థమైంది.

సలహా కోసం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకు ఏ విషయం మీదైనా ఒక నిశ్చితాభిప్రాయం ఉంటుంది. అడ్మిషన్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది కాలేజీ లెటర్‌హెడ్ అనీ, దాని మీద పడే గుండ్రటి స్టాంపు అనీ సెలవిచ్చారు. కంప్యూటర్లో స్టాంపు వేసే చోటు లేదు సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "స్టాంపు లేకపోతే వాళ్ళెలా నమ్ముతారు మేడమ్?" అన్నారు. రెండు రోజులపాటు కారిడార్‌లో ఎదురైనప్పుడల్లా, "స్టాంపుకి ఏమైనా దారి దొరికిందా?" అని ఆరా తీశారు. పాపం, ఆయన బాధ నిజమైనది.

ఇక నేనే రంగంలోకి దిగాను. పిల్ల ఎలా ఆలోచిస్తుందో చూడాలంటే ముందు పిల్లను చూడాలి కదా అని క్లాసులో లేపి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. జవాబులు సరిగ్గానే చెప్పింది గానీ, రోజూ తననే ఎందుకు లేపుతున్నానో తెలియక చెమటలు కక్కింది. మూడో రోజుకు పక్క పిల్లలు జాలిగా చూడసాగారు. స్టాఫ్ రూమ్‌కి పిలిచి నీకు ఇష్టమైనవేమిటమ్మా అన్నాను. "లేవండీ" అంది. ఇంట్లో ఏం చేస్తుంటావు అన్నాను. "చదువుకుంటానండీ" అంది. ఒక సాయంత్రం సిగ్గు విడిచి బేకరీలో కూర్చుని, బస్సు కోసం నిలబడ్డ ఆ అమ్మాయిని అద్దంలోంచి గమనించాను. ఎగ్ పఫ్ తింది, కాగితం చెత్తబుట్టలో వేసింది, మల్కాపురం వైపు వెళ్ళే బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎగ్ పఫ్ తినే తీరులో ఆలోచనా విధానం ఏమీ బయటపడలేదు. నాకు మాత్రం రెండు పఫ్‌లు, ఒక టీ అయ్యాయి.

మర్నాడు ఆమె తండ్రి వచ్చాడు. కూతుర్ని మేడమ్ రోజూ నిలబెడుతున్నారని తెలిసి, ఏదో తప్పు చేసి ఉంటుందని క్షమాపణ చెప్పడానికి వచ్చాడు. పోర్టు దగ్గర బొగ్గు యార్డులో కాటా చూస్తాడు. లారీ ఖాళీగా వెళ్ళేటప్పుడు ఒకసారి, లోడుతో వచ్చేటప్పుడు ఒకసారి తూచి, చీటీ మీద బరువు రాసి ఇవ్వడం అతని పని. ఊరు సబ్బవరం పక్కన. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

తప్పేమీ చేయలేదు, ఉత్తరం కోసం చూస్తున్నాను అని చెప్పేసరికి ముఖం వికసించింది.

"అంతా ఆ లెటర్ మీదే ఉందటండి మేడమ్ గారూ. నాకు ఈ ఫిజిక్సూ అదీ తెలవదు గానీ, పిల్ల ఆశ పడతంది. తవరు కూసింత బరువు పెంచి రాసీండి."

"మీరు లారీ బరువు అలాగే పెంచి రాస్తారా?"

అతను కుర్చీలోంచి సగం లేచాడు. "అయ్యబాబోయ్, అదేటి మాటండి! అది ముద్రేసిన కాటా. ముల్లు ఎక్కడాగితే అక్కడే."

"మరి ఇక్కడెందుకు పెంచమంటున్నారు?"

"ఇది కాటా కాదు కదండి, కాయితం కదా" అన్నాడు చాలా సహజంగా. తర్వాత తన మాట తనకే వినిపించి నవ్వేశాడు. నేనూ నవ్వాను. నవ్వే హక్కు నాకు లేదని అప్పటికి తెలియదు.

పోనీ మీ అమ్మాయి గురించి మీరే ఏదైనా చెప్పండి అన్నాను. చాలా చెప్పాడు. ఐదో క్లాసులో ఫస్టు వచ్చిందట, పెద్దలకు ఎదురు చెప్పదట, తిండికి పేచీ పెట్టదట. ఏ తండ్రి ఏ కూతురి గురించైనా చెప్పే మాటలే. నేను పెన్ను మూసేశాను. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి అన్నాడు.

"ఒక్కటేనండి దాని రోగం. తప్పంటే ఊరుకుంటాది, ఒక్క మాట ఆడదు. గానీ రాసిందాన్ని మార్సమంటే మార్సదు. అది మటుకు నాకు సిరాకు."

రాసింది మార్చదు అన్న ముక్క నా చెవిలో ఉండిపోయింది. ఆమె రాసింది చూద్దామని, ఫస్టియర్ ప్రాక్టికల్ రికార్డులున్న బీరువా తెరిచాను.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. రహస్యం అంటే లోకంలో ఫిజిక్స్ చదివిన అందరికీ తెలిసిన రహస్యం. ఇంటర్‌లో లోలకం ప్రయోగం ఒకటి ఉంటుంది. దారానికి గుండు కట్టి ఊపుతారు. దారం పొడవు స్కేలుతో కొలుస్తారు, ఊగడానికి పట్టిన సమయం స్టాప్‌వాచీతో చూస్తారు. ఈ రెంటి నుంచి భూమి వస్తువులను ఎంత బలంగా లాగుతుందో లెక్క కట్టాలి. జవాబు సెంటీమీటర్ల లెక్కలో తొమ్మిది వందల ఎనభై దగ్గర రావాలి. జవాబు ఏమి రావాలో పుస్తకంలోనే ఉంది గనక మా పిల్లలు పని సులువు చేసుకున్నారు. ముందు పేజీ అడుగున తొమ్మిది వందల ఎనభై రాస్తారు. అక్కడి నుంచి పైకి ఒక్కో వరుసా లెక్క కట్టుకుంటూ పోయి, చివరికి దారం ఎంత పొడవుండాలో, గుండు ఎంతసేపు ఊగాలో తేలుస్తారు. ఆ గుండును ఊపే శ్రమ కూడా కొందరు తీసుకోరు. నేను కూడా చదువుకునే రోజుల్లో అలాగే రాశాను. టీచరయ్యాక తొమ్మిది వందల ఎనభైకి టిక్కు పెట్టాను, మరో అంకె కనిపిస్తే కొట్టేశాను. ఎనభై రికార్డులు గంటలో అయిపోయేవి.

ఆమె రికార్డు తీశాను. లోలకం పేజీ అడుగున వెయ్యి పదిహేను అని ఉంది. దాని మీద అడ్డంగా నా ఎర్ర గీత, పక్కన "మళ్ళీ చెయ్యి" అని నా చేతిరాత. తర్వాతి పేజీలో మళ్ళీ చేసింది. మళ్ళీ వెయ్యి పదిహేను. మళ్ళీ ఎర్ర గీత. ఈసారి నాకు ఒళ్ళు మండి ఉంటుంది, "ముందు సరిగ్గా కొలవడం నేర్చుకో" అని రాసి, పదికి నాలుగు వేశాను. ఇదంతా నేను చేసినట్టు నాకు జ్ఞాపకమే లేదు. కానీ చేతిరాత నాదే, ఆ విసురూ నాదే.

ఆమె పనిచేసింది నాలుగో బల్ల దగ్గర. అదే బల్ల దగ్గర చేసిన మిగతా పిల్లల రికార్డులు తీశాను. తొమ్మిది వందల ఎనభై, తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, తొమ్మిది వందల ఎనభై. ఎంత చక్కటి పిల్లలో.

మధ్యాహ్నం క్లాసు లేదు. ల్యాబులోకి వెళ్ళి నాలుగో బల్ల మీద గుండు వేలాడదీశాను. ప్రయోగం నా చేత్తో నేను చేసి ఎన్నేళ్ళయిందో చెప్పను, సిగ్గు. దారం కొలిచాను, ఊపాను, లెక్క వేశాను. వెయ్యి పదహారు వచ్చింది. వయసు మీద పడి కళ్ళు ఆనడం లేదేమోనని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చేశాను. వెయ్యి పద్నాలుగు. గాజువాకలో, అందులోనూ మా కాలేజీ నాలుగో బల్ల మీద మాత్రమే భూమి అంత గట్టిగా లాగడానికి కారణం కనిపించలేదు. ల్యాబు అటెండర్‌ను కేకేశాను. నాకంటే ముందు నుంచి ఆ కాలేజీలో ఉన్న మనిషి.

"ఈ బల్ల మీద సామాను ఏమైనా మార్చారా?"

"ఏటీ మార్సలేదు మేడం. ఆ స్కేలుకే కొంచెం రిపేరు సేయించాను. సానా కాలమైపోనాది."

"స్కేలుకు రిపేరేమిటి?"

"కొస సెద పట్టీసింది మేడం. కర్ర మంచిది, పారేడానికి మనసొప్పలేదు. వడ్రంగి సేత పాడైన ముక్క కోయించీసి, గరుకు కాయితంతో నున్నగా రుద్దించి, వార్నీసు ఏసాను. సూడండి, కొత్తదానిలా ఉంటాది."

నిజంగానే కొత్తదానిలా ఉంది. అంకెలు సగం చెరిగిపోయాయి గనక మొదట్లో కొంత లేదన్న సంగతి చూడగానే తెలియదు. పక్క బల్ల మీది స్కేలు తెచ్చి ఆనించాను. కంటితో చూసి మూడు సెంటీమీటర్లు తక్కువ అనుకున్నాను. స్కేలుకు సున్నా వైపు ముక్క పోతే దారం ఉన్నదానికంటే పొడవని చూపిస్తుంది, జవాబు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఆ బల్ల దగ్గర ఎవరు నిజంగా కొలిచినా తొమ్మిది వందల ఎనభై రావడానికి వీల్లేదు. అయినా అందరికీ వచ్చింది. రానిది ఒక్కదానికే. దానికి నేను నాలుగు మార్కులు వేశాను.

అటెండర్ నా మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నాడు. "బాగా చేయించావు" అన్నాను.

కావలసిన సంఘటన దొరికింది. ఇబ్బంది ఏమిటంటే, అది రాస్తే ఆమె ఎలా ఆలోచిస్తుందో తెలుస్తుంది, దాంతోపాటు నేను ఎలా దిద్దుతానో కూడా తెలుస్తుంది. నా పేరు, నా ఫోన్ నంబరు, కాలేజీ పేరు అన్నీ ఆ ఫారం మీద ఉన్నాయి. రాయకపోతే శ్రద్ధ, క్రమశిక్షణ, వినయం ఉన్నాయి. వాటితో ఆ పిల్ల మధురవాడలో కంప్యూటర్స్ చదవడం ఖాయం. రెండు రోజులు ఊగిసలాడాను. ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఈ అమ్మాయి రెండుసార్లు కొలిచింది, రెండుసార్లూ వచ్చిందే రాసింది, రెండుసార్లూ నేను కొట్టేశాను అని మొదలుపెట్టాను. స్కేలు మూడు సెంటీమీటర్లు తక్కువని ఈ ఉత్తరం కోసం వెతికితే తప్ప తెలియలేదని రాశాను. చుట్టూ అందరికీ సరైన జవాబు వస్తున్నా, టీచరు తిట్టినా, తనకు రాని అంకె వచ్చిందని రాయలేదని రాశాను. మూడు మాటల గడిలో ముందు టైపు చేసినవి తీసేసి, "రాసింది మార్చదు" అని పెట్టాను. పంపేశాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు అడిగారు. "బాగా రాశారా మేడమ్? మన కాలేజీ పేరు వచ్చిందా?"

"వచ్చింది సార్" అన్నాను. అబద్ధమైతే కాదు.

ఇక ఆ తర్వాత నెల రోజులు నాతో వేగడం ఇంట్లో వాళ్ళకూ బయటి వాళ్ళకూ కష్టమైంది. అంత గొప్ప పని చేశాను కదా. ల్యాబుకు కొత్త స్కేళ్ళు తెప్పించాను. పాతదాన్ని నా బీరువాలో దాచాను. సెకండియర్ ప్రాక్టికల్స్‌లో నిజాయితీ గురించి రెండుసార్లు ఉపన్యాసం ఇచ్చాను. మూడో బెంచీ పిల్ల కూడా తల వంచుకుని వింది. ఉత్తరంలో ఏముందో పిల్లలకు చెప్పకూడదని ఫారం మీద ఉంది గనక ఆమెకు చెప్పలేదు. నిబంధనలు పాటించడం నాకు ఎప్పుడూ ఇష్టమే, ముఖ్యంగా అవి నాకు అనుకూలంగా ఉన్నప్పుడు.

పరీక్షలయ్యాయి. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందని తండ్రి ఫోన్ చేశాడు. కంప్యూటర్లోనే జరిగిందట. ఎండలు ముదిరాక ఒక పగటిపూట తండ్రీ కూతుళ్ళిద్దరూ మాడుగుల హల్వా డబ్బాతో స్టాఫ్ రూమ్‌కి వచ్చారు. సీటు వచ్చింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. తండ్రి అయితే ఎవరి కోసం తెచ్చాడో మరిచిపోయి హల్వా తనే నోట్లో వేసుకున్నాడు.

"అసలేటి రాసారండి మేడమ్ గారూ? బరువు పెంచీసారేటి?"

"ఉన్నదే రాశానండీ."

"ఉన్నది రాస్తే ఇచ్చీసారా!" అని ఆశ్చర్యపోతుండగానే అతని ఫోన్ మోగింది. సబ్బవరం నుంచి ఎవరో. ఈ కబురు గట్టిగా చెప్పుకోవడానికి వరండాలోకి వెళ్ళాడు.

తండ్రి బయటికి వెళ్ళగానే అమ్మాయి నోరు విప్పింది. "మేడమ్, ఆ స్కేలు ఒకసారి చూపిస్తారాండీ?"

నా చేతిలో హల్వా చేతిలోనే ఉండిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదేనండి. మీ మేడమ్ స్కేలు మూడు సెంటీమీటర్లు తక్కువ అంటన్నారు, నీకొచ్చిన జవాబుకి అది సరిపోద్దా అన్నారు. కాగితం తీసుకుని వేసి చూసేనండి. సరిపోలేదు. మూడైతే వెయ్యి పద్దెనిమిది రావాలి. నాకు పదిహేనే కదండీ వచ్చింది. ఇంకొంచెం తక్కువ ఉండుంటాది, రెండు పాయింట్ ఎనిమిది అని చెప్పేను."

బీరువా తెరిచి స్కేలు ఇచ్చాను. ల్యాబులోకి తీసుకెళ్ళి కొత్తదాని పక్కన ఆనించి, ఒక కన్ను మూసి, గీతకు ఎదురుగా ముఖం పెట్టి చూసింది. రెండు పాయింట్ ఎనిమిది. తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో కూడా నేను కొలవకుండానే ఒక అంకె వేశానన్నమాట. పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. రెండేళ్ళలో ఆ పిల్ల నవ్వు చూడటం అదే మొదలు.

నవ్వు ఆగాక, ఆ కోసిన కొసను వేలితో రుద్దుతూ నెమ్మదిగా అంది.

"ముందే చెప్పుంటే బాగుండేదండి."

"ఏది?"

"స్కేలు సంగతి. వాళ్ళు చెప్పేదాకా నాకు కొలవడం రాదనే అనుకున్నానండి. అందుకే సెకండియర్ ల్యాబులో నాను ఒక్క రీడింగూ తియ్యలేదు. పక్కమ్మాయి తీసినవే రాసుకునేదాన్ని. అన్నీ కరెక్టుగానే వచ్చేవండి. ఆ సంగతి కూడా వాళ్ళకి చెప్పీసేను."

ఏడాదంతా నా కళ్ళ ముందే, నేను నిజాయితీ మీద ఉపన్యాసాలిస్తుండగానే, ఆ పిల్ల పక్క రికార్డులోంచి అంకెలు ఎక్కించుకుంది. నేను టిక్కులు పెట్టాను, పదికి తొమ్మిదేసి మార్కులు వేశాను. ముఖం కూడా తెలియని మనుషులకు పేజీ నిండా ఒప్పుకున్న తప్పును, రోజూ ఎదురుగా కూర్చునే పిల్లకు ఒక్క ముక్కలో చెప్పలేదు. నిబంధన ఉత్తరం గురించే గానీ స్కేలు గురించి కాదు. చెప్పలేకపోయానని కూడా అనలేను, అసలు చెప్పాలని తోచలేదు. నాకు అంత సిగ్గు వేసిన రోజు మరొకటి లేదు.

"తప్పు నాదమ్మా. నీకు కొలవడం వచ్చు. అప్పుడూ వచ్చు" అన్నాను.

"పర్లేదండి" అంది. అని, బల్ల వైపు తిరిగింది. "ఇప్పుడొకసారి తియ్యనా మేడమ్?"

వరండాలో తండ్రి ఇంకెవరికో ఫోన్ చేసి, ఉన్నది రాస్తే ఇచ్చీసారట అని చెబుతున్నాడు. ఆమె గుండుకు దారం కట్టి, కొత్త స్కేలుతో పొడవు కొలిచి, వదిలింది. ఊపులు తనే లెక్కపెట్టింది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, ఆమె ఏ అంకె చెబితే ఆ అంకె రాసుకున్నాను.